ఎవరూ ముట్టని అడవి

ఈ ద్వీపదేశం ఉత్తరపు కొసన, సెంబవాంగ్‌లో మేము ఫ్లాట్ కొన్నది పడకగది కిటికీని చూసి. తొమ్మిదో అంతస్తు. ఇల్లు చూపించిన ఏజెంటు వంటగది గురించీ రైలు స్టేషన్ గురించీ ఏదో చెబుతూనే ఉన్నాడు, నేను మాత్రం ఆ కిటికీ దగ్గర నిలబడిపోయాను. బ్లాకు వెనక చిన్న రోడ్డు. రోడ్డు దాటగానే దట్టంగా చెట్లు. చెట్ల మీదుగా సన్నటి చారలా జలసంధి, దాని అవతల మలేషియా. నేను విశాఖ ఏజెన్సీ కొండల కింద పెరిగినదాన్ని. ఆంగ్ మో కియోలో ఆరేళ్ళపాటు అద్దె ఇంట్లో, ఎదుటి బ్లాకు వాళ్ళు గడల మీద ఆరేసిన బట్టల్ని చూస్తూ గడిపాను. కళ్ళు ఆనించడానికి ఒక పచ్చటి చోటు దొరికాక వదులుకోలేకపోయాను.

ఆ చెట్ల అంచునే మక్‌చిక్ పరిచయమైంది. మనం పిన్నిగారూ అన్నట్టు ఇక్కడ మలయ్ వాళ్ళు పెద్దవయసు ఆడవాళ్ళని మక్‌చిక్ అంటారు. మా బ్లాకులోనే రెండో అంతస్తులో కొడుకు కుటుంబంతో ఉండేది. డెబ్బై దాటిన మనిషి. పొద్దున్నే తలకి గుడ్డ చుట్టుకుని, ప్లాస్టిక్ సంచీ, చిన్న కత్తి పట్టుకుని రోడ్డు దాటి చెట్లలోకి వెళ్ళేది. వంటలో సువాసనకి వేసే పాండన్ ఆకులో, కర్రపెండలం చిగుళ్ళో కోసుకుని వచ్చేది. ఆ చిగుళ్ళని కొబ్బరిపాలలో ఎలా వండాలో నాకు నేర్పింది ఆమే. నన్ను ఆదిక్ అని పిలిచేది. అంటే చెల్లీ అని. మలయ్‌నీ ఇంగ్లీషునీ కలిపి ముక్కలు ముక్కలుగా మాట్లాడేది. ఇక్కడ ఆమె మాటల్ని నాకు అర్థమైన తెలుగులో రాస్తున్నాను.

ఆ ఇంట్లో దిగిన ఏడేళ్ళకి లిఫ్టు దగ్గర ఒక నోటీసు అంటించారు. వెనకనున్న స్థలంలో కొత్త ఫ్లాట్లు కట్టబోతున్నారనీ, పని మొదలుపెట్టే ముందు చుట్టుపక్కల ఉండేవాళ్ళ అభిప్రాయాలు వింటారనీ, వచ్చే నెల ఒక శనివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో సమావేశమనీ రాసి ఉంది. కింద రంగుల పటం. అందులో మా బ్లాకు బూడిదరంగు డబ్బా. చెట్లున్న చోట నారింజరంగు డబ్బాలు.

సాయంత్రానికల్లా బ్లాకు మనుషులందరితో ఒక ఫోన్ గ్రూపు తయారైంది. మొదలుపెట్టింది పదకొండో అంతస్తు అంకుల్, రిటైరైన చైనీస్ స్కూలు మాస్టారు. నెమ్మదైన మనిషి, తెల్లవారుజామున లేచి పక్షుల ఫొటోలు తీస్తాడు. నేను ఆఫీసులో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ కోసం వివరణ పత్రాలు రాస్తానని ఆయనకి తెలుసు. వినతిపత్రం నన్నే రాయమన్నాడు. ఈ దేశం వచ్చి అప్పటికి పదమూడేళ్ళు. అందరి తరఫునా నువ్వు రాయి అని ఎవరైనా నాతో అనడం అదే మొదటిసారి. గర్వంగా అనిపించిందని ఒప్పుకోవాలి.

రెండు పేజీలు రాశాను. హార్న్‌బిల్ పక్షుల గురించి, నీడ గురించి, వేడి గురించి, పొద్దుటిపూట రైల్లో ఇప్పటికే కాలు పెట్టడానికి చోటు లేకపోవడం గురించి రాశాను. మొదటి వాక్యం నాకు బాగా నచ్చింది. "మా ఇళ్ళ వెనక ఉన్నది ఎవరూ ముట్టని అడవి." నా కిటికీ సంగతి ఎక్కడా రాయలేదు.

సంతకాల కోసం అంతస్తులన్నీ తిరిగాను. మక్‌చిక్ బ్లాకు కింద అందరూ కూర్చునే చోట, రాతిబల్ల దగ్గర ఆకులు కట్టలు కడుతూ కనిపించింది. కాగితం చదివి వినిపించడం మొదలుపెట్టాను. మొదటి వాక్యం దగ్గరే చెయ్యెత్తి ఆపింది.

"ఎవరూ ముట్టలేదని ఎవరు చెప్పారు?"

కాగితం వైపు చూశాను.

"లోపల రంబుతాన్ పండ్ల చెట్టుంది. అది నేను నాటిందే," అంది. "ఆదివారం పొద్దున రా. చెప్పులతో కాదు, బూట్లు వేసుకుని రా."

ఆదివారం వెళ్ళాను. ఏడేళ్ళుగా పైనుంచి రోజూ చూసిన చోటులోకి కాలు పెట్టడం అదే మొదటిసారి. లోపల ఆమె నడక వేరుగా ఉంది. మా బ్లాకు మెట్ల దగ్గర గోడ పట్టుకుని నడిచే మనిషి అక్కడ దేన్నీ పట్టుకోకుండా నడిచింది. పనసచెట్లు రెండు చూపించింది. నాచు పట్టిన మూడు సిమెంటు మెట్లు చూపించింది. అవి ఏ ఇంట్లోకీ ఎక్కని మెట్లు. ఆకులు తొలగించి బావి గట్టు చూపించింది. ఇక్కడ వంటిల్లు, ఇక్కడ కోళ్ళగూడు, ఇక్కడ నా పెళ్ళి పందిరి అంటూ ముందుకు నడిచింది. చివరికి నీళ్ళ చప్పుడు వినిపించే చోట, మడ చెట్లు మొదలయ్యే అంచున ఆగింది. అక్కడ మోకాలెత్తు రాళ్ళు రెండు ఉన్నాయి. సముద్రం అరగదీసిన నున్నటి రాళ్ళు. ఒకదాని పక్కన మరీ చిన్నవి ఇంకో రెండు. వాటి మీద ఏ రాతా లేదు.

"పెద్దవి మా అమ్మమ్మవి, తలవైపొకటి, కాళ్ళవైపొకటి. చిన్నవి మా అన్నవి. పేరు పెట్టకముందే పోయాడు," అంది.

అక్కడ ఒక చెట్టు వేరు మీద కూర్చుని చెప్పింది. ఆమె పుట్టింది అమ్మమ్మ పడవలోనట. ఆకుల కప్పు వేసిన చిన్న పడవ. వంట, నిద్ర, పురుడు అన్నీ అందులోనే. వాళ్ళని సెలెతార్ మనుషులనేవారు. ఈ ద్వీపంలో ఇంకెవరూ లేనప్పటినుంచి ఈ వాగుల్లో, మడ అడవుల్లో తిరిగినవాళ్ళు. వాళ్ళకి ఊరంటూ లేదు, నీళ్ళన్నీ ఊరే. జలసంధికి రెండువైపులా రెండు దేశాలున్నాయన్న సంగతి అమ్మమ్మకి ఎవరో చెబితే నవ్విందట. తర్వాత వాళ్ళ మనుషులు ఎక్కువమంది అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయారు. మక్‌చిక్ తల్లి మాత్రం ఈ ఒడ్డున మలయ్ ఊరి మనిషిని పెళ్ళి చేసుకుని నేల మీద ఉండిపోయింది. అమ్మమ్మ కూతుర్ని విడిచి వెళ్ళలేక ఇక్కడే పోయింది.

"అమ్మ అత్తవారి వైపు వాళ్ళకి మేమంటే చిన్నచూపు. పడవవాళ్ళు, మురికివాళ్ళు అనేవారు. అందుకే అమ్మ ఎప్పుడూ ఆ మాట ఎత్తేది కాదు. నేనూ ఎత్తలేదు," అంది.

ప్రభుత్వం ఆ ఊరు ఖాళీ చేయించినప్పుడు ఆమెకి ఇద్దరు పిల్లలు. కాగితాలు పట్టుకుని మనుషులు వచ్చారు. ఇంట్లో ఎంతమంది, కొబ్బరిచెట్లు ఎన్ని, కోళ్ళు ఎన్ని అని అడిగి రాసుకున్నారు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారట. మట్టి కింద ఎవరైనా ఉన్నారా అని మాత్రం అడగలేదు. భర్త పక్కనే నిలబడి ఉన్నాడు, ఆమె చెప్పలేదు. తర్వాత ఆ స్థలంలో ఏమీ కట్టలేదు. చెట్లు పెరిగాయి. ఇళ్ళు కేటాయించినప్పుడు దగ్గర్లోనే దొరికింది. ఆకుల పేరుతో ఇన్నేళ్ళూ వచ్చి వెళుతూనే ఉంది.

ఇదంతా విని నాకు కళ్ళు చెమర్చాయి. అది నిజమే. కానీ ఇంటికి వచ్చేసరికి నా బుర్రలో వినతిపత్రం మూడో పేజీ తయారైపోయింది. అదీ నిజమే. ఈ ద్వీపపు మొదటి మనుషుల భూమి, ఆ వంశంలో చివరిగా మిగిలిన మనిషి మా బ్లాకులోనే ఉంది, ఆమె పెద్దల సమాధులు అక్కడున్నాయి, వాటి మీద కాంక్రీటు పోస్తారా అని రాశాను. బాగా రాశాను. చదివిన మాస్టారు అంకుల్ దీన్ని మించిన పాయింటు లేదన్నాడు. ఆ మధ్యాహ్నమే గ్రూపులో పెట్టేశాను, రాళ్ళ ఫొటోతో సహా.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఫోన్లో అది చదివి తలెత్తాడు. ఆయనది విజయనగరం. ఎంతసేపు చదివినా ఒక్క ప్రశ్నే అడుగుతాడు.

"ఆవిడ్ని అడిగే రాసేవా ఇదంతా?"

"ఏటడగాలి? నిజమే కదా," అన్నాను.

ఆయన కంచం తీసుకుని లేచాడు.

తర్వాతి వారంలో జరిగినవన్నీ నేను కోరుకున్నవి కావు. మొదట ఫొటోలు తీసుకోవడానికి మనుషులు వెళ్ళారు. ఎవరో ప్లాస్టిక్ పూలు పెట్టారు. పక్క బ్లాకు గ్రూపులో అది మహిమగల సమాధి అని రాశారు. దాంతో లాటరీ నంబర్లు అడగడానికి కొందరు అగరొత్తులు పట్టుకుని వెళ్ళారు. ఆ రాళ్ళలో ఒకదానికి పసుపుగుడ్డ చుట్టారు. నేను ఆఫీసులో కూర్చుని గ్రూపులో ఆ ఫొటోలు చూస్తూ, విషయం అందరికీ చేరుతోంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

గురువారం సాయంత్రం తలుపు చప్పుడైంది. మక్‌చిక్ కొడుకు. బస్సుల డిపోలో మెకానిక్. పని బట్టల్లోనే వచ్చాడు. లిఫ్టులో కనిపిస్తే తల ఊపడం తప్ప అంతకుముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. లోపలికి రమ్మన్నాను, రాలేదు. గుమ్మం అవతలే నిలబడి నెమ్మదిగా మాట్లాడాడు. అతను అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

"మేము మలయ్‌వాళ్ళమని మా గుర్తింపు కార్డుల్లో ఉంది. నా పిల్లలకి ఇంకే సంగతీ చెప్పలేదు. ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో మా అమ్మ ఇష్టం. వాళ్ళకి మీ గ్రూపు చెప్పేసింది."

నేను క్షమించమన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. తల్లి మూడు రోజులుగా కిందికి దిగలేదనీ, అగరొత్తుల వాసన తగులుతుందని కిటికీ కూడా తియ్యనివ్వడం లేదనీ చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున వాళ్ళ తలుపు కొట్టాను. కోడలు తీసి, అత్తగారు పడుకున్నారంది. ఆ మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఈసారి మక్‌చిక్ స్వయంగా తీసింది. లోపలికి పిలవలేదు, ఇనుప జాలీ తలుపు కూడా తియ్యలేదు. ఆ కమ్మీల మధ్యనుంచే నేను చెప్పదలచుకున్నది చెప్పాను. మంచి జరుగుతుందనుకున్నాను, అడగకుండా చెయ్యడం తప్పే అన్నాను. ఆమె పూర్తిగా విని, నా ముఖంలోకి చూసింది.

"నా మాట తీసుకెళ్ళి నీ కిటికీ కోసం అడ్డం పెట్టుకున్నావు, ఆదిక్," అంది.

కిటికీ సంగతి ఆమెకి నేనెప్పుడు చెప్పానో గుర్తులేదు. బహుశా చాలాసార్లే చెప్పి ఉంటాను.

ఆమె కోరింది రెండే. ఆ కాగితంలో తన గురించి రాసినదంతా తీసెయ్యాలి. సమావేశానికి తను వస్తుంది, చెప్పేది తనే చెబుతుంది. నేను చెబుతానని లేవకూడదు.

సోమవారం రైల్లో నిలబడి, ఫోన్లోనే ఆ పేజీ తుడిచేశాను. తుడుస్తుంటే మా నాన్న గుర్తొచ్చారు. ఆయన ఏజెన్సీ మండలంలో రెవెన్యూ గుమాస్తాగా చేశారు. ఏదైనా పనికి గిరిజనుల భూమి తీసుకోవాలంటే గ్రామసభ పెట్టి వాళ్ళ సమ్మతి తీసుకోవాలి. ఆ సభల్లో మినిట్స్ పుస్తకం రాసేది ఆయనే. నాకు పన్నెండేళ్ళప్పుడు సెలవుల్లో ఒకసారి ఆయన వెంట వెళ్ళాను. చింతచెట్టు నీడలో బల్ల, కుర్చీలు వేశారు. అధికారి తెలుగులో గంటసేపు మాట్లాడాడు. ఎదురుగా నేల మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒక్క మాటా అనలేదు. వాళ్ళ భాష వేరు. చివర్లో నాన్న పుస్తకంలో సభ్యులందరూ సమ్మతించారు అని రాశారు. జీపులో వస్తూ, వాళ్ళేమీ అనలేదు కదా నాన్నా అని అడిగాను. అననివాళ్ళ గురించి రాయడానికి పుస్తకంలో గడి లేదమ్మా అన్నారు. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. నేను ఆయన కంటే మంచిదాన్నని చాలా ఏళ్ళు అనుకున్నాను. నేనైతే రాసేదాన్నని అనుకున్నాను. రాశాను కూడా, అడగకుండానే.

పేజీ తీసేసినందుకు గ్రూపులో చాలామందికి కోపం వచ్చింది. మన బలమంతా అదేనన్నారు. మాస్టారు అంకుల్ మాత్రం ఫోన్ చేసి కారణం అడిగాడు. చెప్పాను. పసుపుగుడ్డా అగరొత్తులూ తను వెళ్ళి తీసేస్తానన్నాడు. తీసేశాడు.

సమావేశం రోజు హాలు నిండిపోయింది. గోడల నిండా పటాలు. మధ్య బల్ల మీద పెద్ద నమూనా, తెల్ల అట్టతో చేసిన భవనాలు, పచ్చ స్పాంజి చెట్లు. అభిప్రాయాలు రాసి అంటించడానికి రంగు కాగితాలు పెట్టారు. సమావేశం నడిపిన అధికారిణి ముప్పై ఏళ్ళు కూడా లేని మలయ్ అమ్మాయి. ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. పార్కింగ్, దుమ్ము, బడి పిల్లలు దాటే రోడ్డు, గాలి ఆగిపోవడం. మాస్టారు అంకుల్ పక్షుల గురించి మాట్లాడాడు. ఆమె అన్నీ రాసుకుంది. నేను వెనక వరసలో కూర్చున్నాను. మక్‌చిక్ మూడో వరసలో, ఆకుపచ్చ బాజూలో, అదే మలయ్ వాళ్ళ పొడుగు చొక్కాలో ఉంది. కొడుకు తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోలేదు.

మక్‌చిక్ చెయ్యెత్తింది. మైకు అందించారు. మలయ్‌లో మాట్లాడవచ్చా అని అడిగింది. అధికారిణి తప్పకుండా అంది, హాల్లో వాళ్ళ కోసం తను ఇంగ్లీషులో చెబుతానంది. అప్పటిదాకా ఆమెని ముక్కలు ముక్కలుగా మాట్లాడే మనిషిగానే ఎరుగుదును. ఆ రోజు ఆమె మాట తడబాటు లేకుండా సాగింది. ఏడేళ్ళుగా నేను వింటున్నది నాకోసం చిన్నది చేసుకున్న మాట అని అప్పుడు తెలిసింది.

రెండు వాక్యాలయ్యాక అధికారిణి ఇంగ్లీషులో చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో వెనకనుంచి కొడుకు, నేను చెబుతాను అన్నాడు. నడిచి వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు.

"ఇళ్ళు కట్టొద్దని మా అమ్మ అనడం లేదు," అని మొదలుపెట్టాడు. "తన మనవడికి, మా అక్క కొడుక్కి, వచ్చే ఏడు పెళ్ళి, వాడూ ఫ్లాటు కోసం వరసలో ఉన్నాడు. వచ్చేవాళ్ళకీ తల దాచుకోవడానికి చోటు కావాలి అంటోంది."

హాల్లో చిన్న గుసగుస లేచింది. మా గ్రూపు వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

మక్‌చిక్ మళ్ళీ మాట్లాడింది. అతను వింటూ నేలవైపు చూశాడు.

"వెనకటికి మమ్మల్ని కదిలించినప్పుడు చెట్లు ఎన్ని అని అడిగారు. ఆ చెట్ల కింద ఎవరున్నారని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నో లేదో తెలియదు. ఇప్పుడు అడగకపోయినా చెబుతున్నాను అంటోంది మా అమ్మ. తను సముద్రం మనిషి. సెలెతార్ మనిషి. వాళ్ళు..."

అక్కడ ఆగిపోయాడు. తల్లి అతని వైపు చూడలేదు. ఎదురుగా పటాన్నే చూస్తోంది. అతను మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మాట మారింది.

"మేము ఆ వాగుల్లో పడవల మీద బతికినవాళ్ళం. ఆ వాగు పక్కన మా అమ్మ వాళ్ళ అమ్మమ్మ ఉంది."

తర్వాత మక్‌చిక్ ఆ అమ్మమ్మ పేరు చెప్పింది. అధికారిణి కలం, కాగితం పట్టుకుని లేచి, బల్ల చుట్టూ నడిచి ఆమె దగ్గరికి వచ్చింది. ఇంకోసారి చెప్పమంది. తప్పు రాయకూడదు కదా మక్‌చిక్ అంది. మక్‌చిక్ ముక్క ముక్కగా విడదీసి పలికింది, ఆ అమ్మాయి అక్షరం అక్షరంగా రాసి కాగితం చూపించింది. మక్‌చిక్‌కి చదవడం సరిగ్గా రాదు. కొడుకు చూసి సరిగ్గానే ఉంది అన్నాడు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఇదంతా రాయవచ్చా అని ఆమెని అడిగాను, పేరు మాత్రం రాయొద్దంది.

తన కోరిక ఒకటే అని చెప్పి ముగించింది. ఎక్కడికి తీసుకెళ్ళాలో, ఎలా తీసుకెళ్ళాలో వాళ్ళ మనుషులందరినీ, అంటే అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళని కూడా, పిలిచి అడగాలి. వాళ్ళు వచ్చేదాకా అక్కడ యంత్రం దిగకూడదు. అధికారిణి అది తన ఒక్కదాని చేతిలో లేదనీ, పైవాళ్ళతో మాట్లాడి రెండు వారాల్లో చెబుతాననీ అంది. చెప్పిన మాట నిలబెట్టుకుంది.

ఐదు నెలలు పట్టింది. అవతలి ఒడ్డునుంచి వంతెన దాటి బస్సులో నలుగురు వచ్చారు. అమ్మమ్మ చెల్లెలి మనవరాలు, ఆమె భర్త, ఇంకా ఇద్దరు పెద్దవాళ్ళు. వాళ్ళ ఒడ్డున కూడా భవనాలు లేస్తున్నాయట, వాళ్ళనీ ఇప్పటికి రెండుసార్లు కదిలించారట. చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళని చూసిన మక్‌చిక్ వాళ్ళ చేతులు పట్టుకుని ఉండిపోయింది. ఆ మాటల్లో నేను లేను, ఉండవలసిన పనీ లేదు. అమ్మమ్మ ఏ మతంలోనూ చేరని మనిషి. ఇక్కడి శ్మశానాల్లో ఏ భాగంలో పెట్టాలో ఎవరికీ పాలుపోలేదు. చివరికి అవతలి ఒడ్డున, వాళ్ళ వాళ్ళంతా నీటిపక్కన ఉన్నచోటికి తీసుకెళ్ళాలని నిర్ణయించుకున్నారని కోడలు చెప్పింది.

తవ్వే రోజున నన్ను రమ్మని మక్‌చిక్ బడినుంచి వస్తున్న మా అమ్మాయితో కబురు పంపింది. ఎందుకు పంపిందో తెలియదు. వెళ్ళాను. పొద్దున ఏడు గంటలు. గుడారం వేసి, పనివాళ్ళు చిన్న పారలతో నెమ్మదిగా తవ్వారు. చిన్న రాళ్ళ కింద ఏమీ దొరకలేదు. మట్టి మాత్రం కొంతమేర నల్లగా ఉంది. ఆ నల్లటి మట్టినే ఒక తెల్లగుడ్డలోకి తీశారు. పెద్ద రాళ్ళ కింద కొన్ని ఎముక ముక్కలు, వలకి కట్టే సీసపు గుండ్లు ఏడెనిమిది దొరికాయి. వాటిని చూసి అవతలి ఒడ్డు పెద్దాయన ఏదో పాటలా పలికాడు. మక్‌చిక్ ఏడవలేదు. మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క గుండునీ తన తలగుడ్డ కొసతో తుడిచి గుడ్డలో పెట్టింది. కొడుకు ఆమె భుజం పట్టుకుని లేపాడు. అతని పిల్లలిద్దరూ పక్కనే ఉన్నారు. బడికి సెలవు పెట్టించి తీసుకొచ్చాడు.

సరిహద్దు దాటించడానికి అనుమతి పత్రం కావాలి. అందులో అమ్మమ్మ పేరు టైపు చేసి, ముద్ర వేసి ఇచ్చారు. బయల్దేరేముందు మక్‌చిక్ ఆ కాగితాన్ని నాకు చూపించింది.

"ఆమె పేరు మీద పుట్టిన మొదటి కాగితం ఇది. బతికున్నప్పుడు ఎవరూ ఇవ్వలేదు," అంది.

కాగితం తిరిగి ఇచ్చేశాను. వాళ్ళు వ్యాన్ ఎక్కారు.

ఆ తర్వాత నెలన్నరకి చెట్లు కొట్టడం మొదలైంది. రంబుతాన్ చెట్టు పోయింది, పనసచెట్లూ పోయాయి. వాగు పక్కన కొంత మేర మాత్రం చెట్లు ఉంచేశారు. మాస్టారు అంకుల్ పక్షులు అక్కడికి చేరాయని ఫొటోలు పంపుతుంటాడు. ఇప్పుడు మా పడకగదిలోంచి చూస్తే క్రేన్లు, పద్నాలుగో అంతస్తుదాకా లేచిన పరంజా, దాని మీద పసుపు టోపీల మనుషులు కనిపిస్తారు. వాళ్ళలో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. శ్రీకాకుళం యాసలో కేకలు వేసుకోవడం ఒకరోజు వినిపించింది. మొదట్లో కిటికీ తెర వేసి ఉంచేదాన్ని, తర్వాత తీసేశాను. వచ్చేవాళ్ళకీ తల దాచుకోవడానికి చోటు కావాలన్న మాట, చెప్పడానికి అందరికంటే తక్కువ కారణం ఉన్న మనిషి నోట విన్నాను. దాని మీద నేను చెప్పగలిగింది ఏమీ మిగల్లేదు.

మక్‌చిక్ నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. కొడుకు లిఫ్టులో పలకరిస్తాడు, మా అమ్మాయి చదువు గురించి అడుగుతాడు. ఆమె కూడా నవ్వుతుంది, ఆదిక్ అనే పిలుస్తుంది. పండగకి డబ్బా నిండా కేకులు పంపింది. కానీ తన వాళ్ళ గురించి మాత్రం నాతో మళ్ళీ ఒక్క ముక్క చెప్పలేదు. ఒకసారి రాతిబల్ల దగ్గర, ఆ రోజు పెద్దాయన పలికింది ఏమిటని అడిగాను. ఆకులు కడుతూనే, చాలా మామూలుగా, అది నీకు కాదు అంది. అందులో కోపం లేదు.

మొన్న వానాకాలంలో మా అమ్మాయికి బడిలో ఇరుగుపొరుగు పెద్దవాళ్ళతో మాట్లాడి రాయమని పని ఇచ్చారు. దానికి పదకొండేళ్ళు. తనంతట తనే రెండో అంతస్తుకి వెళ్ళింది. మూడు సాయంత్రాలు వెళ్ళింది. నాలుగో రోజు పుస్తకం మూసి బల్ల మీద పెడితే, ఏం రాశావో చూపించమన్నాను. బడికి ఇచ్చేది చూపించింది. వంటల గురించి, ఆకుల గురించి ఒకటిన్నర పేజీ. ఇంతేనా, మూడు రోజులూ ఇదేనా చెప్పింది అన్నాను.

"చాలా చెప్పింది. బట్ అది రాయడానికి కాదు, లా. ఐ ప్రామిస్డ్, అమ్మా," అంది, ఇక్కడి పిల్లల యాసలో.

నీకైనా చెప్పింది కదా అన్నాను. అవునంది. కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, దేన్నో తలుచుకున్నట్టు తనలో తను నవ్వుకుంది. నేను వెళ్ళి పొయ్యి మీద అన్నం చూసుకున్నాను.